అర్జీ నుంచి ఆత్మీయత దాకా: తెలుగు పట్టణాల్లో పింఛనుదారుల సంఘం – ఒక చారిత్రక పరిశీలన

సారాంశం

ఉద్యోగ విరమణ పొందిన పురుషులు కలుసుకొనే కూటములను కాలక్షేప స్థలాలుగా మాత్రమే చూడడం పరిపాటి. తెలుగు పట్టణాల్లో ఆ కూటమికి ప్రధాన రూపం పింఛనుదారుల సంఘం. అది వినోదం కోసం గాక వినతిపత్రం కోసం రూపొందిందనీ, స్నేహం ఆ వినతి చుట్టూ క్రమంగా అల్లుకొన్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పింఛనుకు సంబంధించిన పదాలు, చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు, సంఘ జీవితంలోని ఆచారాలు ఇందుకు ఆధారాలు. ఇంగ్లండులో పుట్టిన ప్రోబస్ క్లబ్బులతో పోలిక ద్వారా ఈ సంఘం ప్రత్యేకతను నిర్ధారించి, 2004 తరువాతి పింఛను విధానం వల్ల దాని వారసత్వానికి ఏర్పడిన సంకటాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: పింఛను, వజీఫా, పదవీ విరమణ, పింఛనుదారుల సంఘం, ప్రోబస్ క్లబ్బు, సన్మానపత్రం.

1. ఉపోద్ఘాతం

జిల్లా కేంద్రాల్లోనూ, ఒకప్పుడు తాలూకా కేంద్రాలుగా ఉండిన పట్టణాల్లోనూ ఖజానా కార్యాలయానికో తహసీలు కచేరీకో చేరువలో 'పెన్షనర్ల భవనం' అనే బోర్డుతో ఒక చిన్న కట్టడం తరచుగా కనిపిస్తుంది. లోపల పొడవైన బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పూర్వాధ్యక్షుల పటాలు, ఆనాటి దినపత్రికలు, బీరువా నిండా ప్రభుత్వ ఉత్తర్వుల నకళ్లు ఉంటాయి. ఉదయం పది గంటల ప్రాంతంలో, అంటే ఒకనాడు కార్యాలయానికి చేరిన వేళకే, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని చేతిసంచితో ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. పత్రిక చదువుతారు, కరవుభత్యం లెక్క చూస్తారు, రాని వారిని గురించి ఆరా తీస్తారు.

గ్రంథాలయాలు, నాటక సమాజాలు, ఉద్యోగ సంఘాలు తెలుగువారి ప్రజాజీవన చరిత్రలో ఆధునిక సంస్థలుగా గుర్తింపు పొందాయి. విశ్రాంతుల సంఘానికి ఆ గుర్తింపు అంతగా లభించలేదు. దానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, అది ఉద్యోగ సంఘానికి తోకగా భావింపబడడం. రెండు, అక్కడ జరిగేది 'ముసలివారి ముచ్చట్లు' అన్న చులకన. ఈ రెండు అభిప్రాయాలూ అసంపూర్ణాలే. ఉద్యోగం పోయిన తరువాత పురుషునికి హోదా, దినచర్య, తోటివారు ఒక్కసారిగా దూరమవుతారు. ఈ మూడింటినీ తిరిగి సమకూర్చుకొనే ప్రయత్నానికి తెలుగు సమాజం ఇచ్చిన రూపమే ఈ సంఘం. ఆ రూపం అర్జీ రూపమే ఎందుకయింది అన్నది ఇక్కడ విచార్యాంశం.

2. పదాల్లో దాగిన చరిత్ర

'పింఛను' ఆంగ్ల పదానికి తెలుగు రూపం. వ్యవహారంలో 'పించిని', 'ఫించను' అన్న రూపాలూ వినిపిస్తాయి. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ గనుక అక్కడ దీనికి 'వజీఫా' అని పేరు. పింఛను పొందేవాడు 'వజీఫాయాబ్'. వయఃపరిమితి పూర్తయిన వారికిచ్చే పింఛనును 'వజీఫా-ఎ-హుస్న్-ఎ-ఖిద్మత్' అనేవారు. చక్కని సేవకు లభించే వజీఫా అని దాని భావం. సేవ చక్కగా ఉన్నదో లేదో నిర్ణయించేది ప్రభువు. కాబట్టి ఇచ్చేది ప్రభువు దయ, పుచ్చుకొనేది సేవకుని భాగ్యం అన్న భావన ఆ పదబంధంలోనే ఇమిడి ఉంది.

'పదవీ విరమణ', 'విశ్రాంత ఉద్యోగి' అన్నవి తరువాత పాలనా వ్యవహారంలోనూ పత్రికల్లోనూ స్థిరపడిన సంస్కృత సమాసాలు. మొదటిది ఒక క్రియను, రెండవది ఒక స్థితిని చెబుతుంది. 'విశ్రాంత' పదంలో అలసట తీరినదన్న అర్థం ఉంది. జనవ్యవహారం మాత్రం 'రిటైరయ్యాడు' అన్న క్రియనే స్వీకరించింది. కొన్ని పట్టణాల్లో వ్యక్తిని పేరుతో గాక పూర్వపు పదవితోనే 'తాసిల్దారు గారు', 'హెడ్మాస్టారు' అని చివరిదాకా పిలవడం వాడుక. విరమణ పదవికే గాని పిలుపుకు లేదన్నమాట.

ఈ కూటమికి 'క్లబ్బు' అన్న పేరు ఎక్కువగా అతకకపోవడం గమనింపదగినది. తెలుగు పట్టణాల్లో 'ఆఫీసర్స్ క్లబ్బు', 'రిక్రియేషన్ క్లబ్బు' అన్నవి ఉద్యోగంలో ఉన్న అధికారులు, ప్లీడర్లు, వర్తకులు టెన్నిసుకో పేకాటకో చేరే స్థలాలు. ఆ మాటకు పేకాట వాసన అంటుకొని ఉంది. పింఛనుదారులు ఎంచుకొన్న 'సంఘం' అన్న మాట మరో వంశానికి చెందింది. సంస్కరణ సంఘాలు, ఉద్యోగ సంఘాలు, సహకార సంఘాలు దాని జ్ఞాతులు. పేరుతోపాటు ఆ వంశపు లక్షణాలు కూడా సంక్రమించాయి. నియమావళి, సభ్యత్వ రుసుము, కార్యవర్గం, తీర్మానం, మహజరు అటువంటివి. చట్టరీత్యా నమోదు కావడానికి కోస్తా, రాయలసీమల్లో 1860 నాటి సొసైటీల నమోదు చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి చట్టం ఆధారాలయ్యాయి. 2001లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చింది.

3. అరుగు, పఠనమందిరం, ఖజానా

పెద్దవయసు పురుషులు కూడి కూర్చోవడం తెలుగు నేలకు కొత్తది కాదు. రచ్చబండ, ఇంటి అరుగు, గుడి మండపం అందుకు అనాదిగా ఉన్న చోట్లు. కాని అక్కడ కూర్చొనే అర్హత వయసుతో, కులంతో, భూమితో వచ్చేది. రైతుకు విరమణ తేదీ లేదు. శక్తి తగ్గిన కొద్దీ పని తగ్గుతుందే గాని ఫలానా నెల చివరి రోజు సాయంత్రానికి వ్యవసాయం ముగిసిపోదు. తేదీ ప్రకారం పని నుంచి మనిషిని వేరుచేయడం ఆధునిక ప్రభుత్వోద్యోగంతోనే వచ్చింది. ఉద్యోగరీత్యా ఊరూరా బదిలీపై తిరిగి, పిల్లల చదువుల కోసం పట్టణంలో ఇల్లు కట్టుకొని స్థిరపడ్డ గుమాస్తాకో ఉపాధ్యాయునికో సొంత ఊరి రచ్చబండ దూరమైంది. ఉన్న పట్టణంలో అతనికి అరుగు లేదు.

ఆ లోటును మొదట కొంతవరకు తీర్చినవి పఠనమందిరాలు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం ఏర్పడ్డాయి. గ్రంథాలయోద్యమం వయోభేదం లేని ఒక కొత్త కూర్చుండే చోటును కల్పించింది. చదువుకొన్న వృద్ధునికి పత్రిక చదవడం బయటికి రావడానికి ఒక గౌరవప్రదమైన కారణమయింది.

విరమణానంతర కాలం ప్రజాజీవితానికి ఎట్లా ఉపకరించగలదో చూపిన ఉదాహరణ గిడుగు రామమూర్తి. 1911లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి విరమించిన తరువాత ఆయన తన కాలాన్ని వ్యావహారిక భాషోద్యమానికి అంకితం చేశారు. 1919లో 'తెలుగు' పత్రికను నడిపారు. వేళకు బడికి పోనక్కరలేని స్థితి ఉద్యమ ప్రచారానికి ఆయనకు తీరికనిచ్చింది. అయితే ఇది అసాధారణ వ్యక్తి కథ. సామాన్య విశ్రాంతునికి ఉద్యమం లేదు. నెలకొక్కసారి తప్పనిసరిగా చేరవలసిన చోటు మాత్రం ఉంది. అదే ఖజానా.

బ్యాంకుల ద్వారా చెల్లింపు వ్యాపించక ముందు పింఛను ఖజానాలోనే అందేది. పింఛను చెల్లింపు ఉత్తర్వుకు రెండు ప్రతులు. ఒకటి పింఛనుదారు వద్ద, మరొకటి చెల్లించే కార్యాలయంలో ఉండేవి. నెల మొదటి దినాల్లో ఆ ప్రతితో వచ్చి, గుర్తింపు చిహ్నాలు సరిచూపించుకొని, వరసలో నిలిచి సొమ్ము తీసుకోవాలి. పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియని ఆ నిరీక్షణలో రెవెన్యూవారు, పోలీసువారు, బడిపంతుళ్లు, బంట్రోతులు ఒకే చెట్టు కింద కూర్చున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు హోదాభేదం వల్ల ఒకే బల్ల వద్ద కూర్చోని వారిని ఖజానా వరస ఒకచోట నిలబెట్టింది. పింఛనుదారుల సంఘానికి భౌతికమైన పుట్టుక ఇక్కడే ఉంది. భవనాలు ఖజానాలకు దగ్గరగా ఉండడం ఆ బంధాన్ని ఇప్పటికీ చూపుతున్నది.

4. అనుగ్రహం నుంచి హక్కుకు

సంఘం అర్జీని తన ప్రధాన కార్యంగా ఎందుకు చేసుకొన్నదో తెలియాలంటే పింఛను చట్టస్థితిని గమనించాలి. 1871 నాటి పింఛనుల చట్టం పింఛనుకు సంబంధించిన దావాలను సివిలు న్యాయస్థానాలు స్వీకరించరాదని నిషేధించింది. కలెక్టరు వంటి అధికారి ధ్రువపత్రం ఇస్తే తప్ప ఆ ద్వారం తెరుచుకోదు. ఆ చట్టం ముఖ్యంగా సంస్థానాధీశుల వారసులకు, మాన్యందారులకు ఇచ్చే భరణాలను దృష్టిలో ఉంచుకొన్నదే అయినా, పింఛను సర్కారు దాతృత్వం అన్న భావనను అది చిరకాలం నిలబెట్టింది. దావా వేయలేని వాడు చేయగలిగింది విన్నపమే. 'మహారాజశ్రీ' అని మొదలై 'చిత్తగించవలెను' అని ముగిసే అర్జీభాష పింఛనుదారు చేతికి వచ్చింది ఈ స్థితిలోనే.

స్వాతంత్ర్యానంతరం ఈ భావన రెండు తీర్పులతో మారింది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పింఛను ప్రభుత్వ అనుగ్రహం కాదనీ, ఉద్యోగికి చెందిన హక్కు అనీ నిర్ణయించింది. 1982 డిసెంబరు 17న వెలువడిన డి.ఎస్. నకారా కేసు తీర్పు దీన్ని మరింత ముందుకు తీసుకుపోయింది. 1979లో సరళీకరించిన పింఛను లెక్కను ఆ ఏడు మార్చి 31న గాని ఆ తరువాత గాని విరమించిన వారికే వర్తింపజేయడం చెల్లదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్మానించింది. ఒక్క రోజు తేడాతో విరమించిన ఇద్దరిని రెండు తరగతులుగా విడగొట్టడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని తీర్పు సారం.

ఈ కేసులో సంఘచరిత్రకు సంబంధించిన ఒక విశేషముంది. పిటిషనర్లలో ఇద్దరు విశ్రాంతులు కాగా మూడవది హెచ్.డి. శౌరి స్థాపించిన 'కామన్ కాజ్' అనే నమోదైన సంఘం. ముసలితనం, పేదరికం వల్ల ఒక్కొక్కరుగా కోర్టుకెక్కలేని వారి పక్షాన సంఘం నిలబడవచ్చునన్నది ఇందువల్ల స్పష్టమైంది. అప్పటినుంచి డిసెంబరు 17ను దేశమంతటా పింఛనుదారులు తమ దినోత్సవంగా జరుపుకొంటున్నారు. సంస్థలు సాధారణంగా స్థాపకుని జయంతినో స్థాపన దినాన్నో జరుపుకొంటాయి. పింఛనుదారులు ఒక తీర్పు తేదీని పండుగ చేసుకొన్నారు. తెలుగు పట్టణాల్లో ఆ రోజున జెండా ఎగురవేయడం, నకారా చిత్రపటానికి పూలమాల వేయడం, వృద్ధ సభ్యులను సన్మానించడం, భోజనం పెట్టడం ఆనవాయితీ అయింది. న్యాయవివాదానికి వార్షికోత్సవ రూపం రావడమే అర్జీ ఆత్మీయతగా పరిణమించిన తీరుకు ప్రత్యక్ష నిదర్శనం.

5. 1983: ఒకే రోజు విరమణ

నకారా తీర్పు వెలువడి రెండు నెలలు తిరగకముందే ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయస్సు పెద్ద చర్చకు వచ్చింది. అంతకు ముందు 1979లో దానిని 55 నుంచి 58కి పెంచారు. 1983 జనవరిలో అధికారం చేపట్టిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఫిబ్రవరి 8న దానిని తిరిగి 55కు తగ్గించింది. యువతకు ఉద్యోగావకాశాలు కల్పించడం ప్రభుత్వం చెప్పిన కారణం. ఫిబ్రవరి 28న 18,000కు పైగా ప్రభుత్వోద్యోగులు, 10,000 మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు ఒకేసారి విరమించవలసి వచ్చింది. మూడేళ్లలో విడివిడిగా జరగవలసిన వీడ్కోళ్లు ఒకే సాయంత్రానికి కుదించుకుపోయాయి.

సాధారణ విరమణకు మానసికమైన సన్నాహం ఉంటుంది. తేదీ ముందుగానే తెలుసు. కుమార్తె పెళ్లి, ఇంటి అప్పు, కుమారుని చదువు ఆ తేదీని బట్టే అమరుతాయి. 1983లో విరమించిన వారికి మిగిలిన సమయం మూడు వారాలే. ఈ ఉత్తర్వును సవాలు చేసిన కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు 1985 జనవరి 18న వయస్సు తగ్గింపు రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. ఈలోగా 1984 ఆగస్టు 23న, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్న స్వల్పకాలంలో, వయస్సు మళ్లీ 58కి పెరిగింది. మరి మధ్యకాలంలో ఇంటికి పోయిన వారి మాటేమిటన్న ప్రశ్న మిగిలింది. 1985లోనే బి. ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, 58 ఏళ్లు నిండని వారు తిరిగి ఉద్యోగంలో చేరడానికి అర్హులని తీర్పు రాశారు. తెలుగువాడైన ఈ న్యాయమూర్తి నకారా ధర్మాసనంలోనూ సభ్యులు. తేదీ అనే గీతతో మనుషులను విడగొట్టడాన్ని ప్రశ్నించిన తర్కం రెండు తీర్పులనూ కలుపుతున్నది.

సంఘచరిత్రలో ఈ ఘట్టం ప్రాముఖ్యం వేరు. ఇంకా చేవ ఉన్న, దస్త్రం నడపడం తెలిసిన, అన్యాయం జరిగిందని నమ్మిన వేలాది మంది ఒక్కసారిగా 'విశ్రాంతులు' అయ్యారు. అరవై దాటిన వృద్ధుల కూటమి అన్న ముద్ర వీరికి సరిపడదు. విరమణ ప్రకృతి సహజమైన వయోధర్మం కాదనీ, ఒక ప్రభుత్వం మార్చగల, మరొక ప్రభుత్వం తిరగమార్చగల పాలనా నిర్ణయమనీ వీరి అనుభవం చాటింది. 55, 58, 55, 58, ఆపైన 2014లో 60 అన్న వరస దీనిని స్పష్టపరుస్తుంది. రాష్ట్ర విభజన తరువాత ఆ వయస్సు తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి చేరింది. విరమణ రాజకీయ నిర్ణయమైనప్పుడు, విశ్రాంతుల కలయిక రాజకీయేతర వినోదంగా మాత్రమే ఉండడం సాధ్యం కాలేదు.

6. కోరికలు లేని క్లబ్బు: ఒక పోలిక

తెలుగు సంఘం ప్రత్యేకతను గుర్తించడానికి పూర్తిగా భిన్నమైన పుట్టుక గల ఒక కూటమితో పోల్చడం ఉపకరిస్తుంది. లండనుకు ఉత్తరాన ఉన్న వెల్విన్ గార్డెన్ సిటీ 1920లో ఎబినేజర్ హోవర్డ్ ఆలోచనల మేరకు నిర్మాణమైన పట్టణం. ఇల్లు, పని, పచ్చదనం ఒకేచోట ఉండాలన్నది హోవర్డ్ ఆశయం. ఆచరణలో అక్కడి వారు ఎందరో ప్రతిదినం రైలెక్కి లండనులో ఉద్యోగం చేసి వచ్చేవారు. విరమణ తరువాత రైలు ఆగిపోయింది. పట్టణంలో ఇల్లు ఉన్నది గాని పరిచయాలు లేవు. వారి స్నేహాలన్నీ రైలుపెట్టెలో ఏర్పడినవే. అట్లా కలిసి ప్రయాణించిన కొందరు విరమణానంతరం ఉదయపు కాఫీకి కలుసుకొనసాగారు. వారిలో ఒకరైన ఫ్రెడ్ కార్నిల్ చొరవతో, స్థానిక రోటరీ క్లబ్బు తోడ్పాటుతో, 1965లో 'క్యాంపస్ క్లబ్' ఏర్పడింది. పట్టణం నడుమ ఉన్న 'ది క్యాంపస్' అనే ఖాళీస్థలం పేరే దానికి పెట్టారు.

1966లో లండనుకు దక్షిణాన ఉన్న కేటరంలో రోటరీ సభ్యుడు హెరాల్డ్ బ్లాంచార్డ్ ఇటువంటిదే మరో భోజన కూటమిని ఏర్పాటు చేశారు. 'ప్రొఫెషనల్', 'బిజినెస్' అన్న మాటల తొలి అక్షరాలను కలిపి దానికి 'ప్రోబస్' అని పేరు పెట్టారు. లాటిను భాషలో ఆ మాటకు సజ్జనుడన్న అర్థం ఉండడం కలిసి వచ్చింది. రోటరీలో సభ్యత్వానికి వృత్తి ప్రాతిపదిక. వృత్తి పోయిన వానికి ఒక చోటు చూపడం ఈ క్లబ్బుల ఉద్దేశం. 1974లో న్యూజిలాండుకు, 1976లో ఆస్ట్రేలియాకు ఇవి వ్యాపించాయి. మొదట పురుషులకే పరిమితమైనా తరువాత స్త్రీలకు వేరుగాను, ఇద్దరికీ కలిపి ఉమ్మడిగాను క్లబ్బులు వచ్చాయి. చందాలు పోగుచేయడం, రాజకీయం, మతప్రచారం వీటికి నిషిద్ధం. కలవడం, ఒక ప్రసంగం వినడం, భోజనం చేయడం, అప్పుడప్పుడు విహారానికి పోవడం ఇంతే వీటి కార్యక్రమం.

రెండు కూటములకూ మూలదుఃఖం ఒకటే. రైలు ఆగిన వానికీ, కచేరీ తలుపు మూసుకొన్న వానికీ పోయింది తోటివారే. అయితే ప్రోబస్ సభ్యుడు ఎవరినీ ఏమీ అడగడు. అతని పూర్వపు యజమానులు అనేకులు. తోటి సభ్యునితో అతనికి ఉమ్మడి ప్రత్యర్థి లేడు. తెలుగు పింఛనుదారులందరికీ యజమాని ఒక్కడే, ప్రభుత్వం. కరవుభత్యం ఒక్క శాతం మారితే అందరి ఇళ్లలోనూ లెక్క మారుతుంది. అందువల్ల ఇక్కడి స్నేహం ఉమ్మడి ప్రయోజనం అనే గట్టి దారంపై అల్లినది. ఇంకొక భేదం మర్యాదకు సంబంధించింది. 'ఊరికే పోయి కూర్చున్నాను' అని చెప్పుకోవడానికి తెలుగు గృహస్థు సంకోచిస్తాడు. 'సంఘం పని మీద వెళ్లాను' అనడంలో ఆ సంకోచం లేదు. అర్జీ స్నేహానికి కారణమే గాక, స్నేహానికి మర్యాదగల సాకు కూడా అయింది.

7. సంఘం లోపలి జీవితం

సంఘ సమావేశాల్లో కార్యాలయపు అలవాట్లు యథాతథంగా కొనసాగుతాయి. కార్యసూచి, గత సమావేశపు నివేదిక, ఆమోదం, తీర్మానం, వందన సమర్పణ తప్పవు. ముప్పై ఏళ్లు రాసిన భాషనే ఇక్కడా రాస్తారు. ఇది పాత హోదాను పట్టుకొని వేలాడడంగా కనిపించవచ్చు. నిజానికి ఇది ఒక వృత్తినైపుణ్యం తన గౌరవాన్ని నిలుపుకొనే మార్గం. ఏ ఉత్తర్వు ఏ తేదీన వచ్చింది, ఏ నియమం కింద ఎంత రావాలి అని కంఠస్థంగా చెప్పగల విశ్రాంత గుమాస్తాకు సంఘంలో ఒకప్పటి జిల్లా అధికారి కంటె ఎక్కువ పలుకుబడి ఉండడం సహజం. ఉద్యోగంలోని నిచ్చెన ఇక్కడ కొంత తలకిందులవుతుంది.

సాహిత్య దృష్టితో గమనింపదగిన ప్రక్రియ సన్మానపత్రం. 'ఆర్యా', 'మాన్యమహోదయా', 'విద్యావతంసా' వంటి సంబోధనలతో ఖండాలుగా విడి, ఒక్కో ఖండంలో జననం, విద్య, ఉద్యోగం, కుటుంబం, సేవ వర్ణించి, నడుమ ఒకటి రెండు పద్యాలు పొదిగి, చివర 'ఇట్లు' అని ముగియడం దీని స్వరూపం. పటం కట్టించి ఇంటి ముందుగదిలో తగిలించడానికే ఇది ఉద్దిష్టం. వ్యావహారికం గెలిచి దశాబ్దాలు గడిచినా గ్రాంథిక ఛాయ సజీవంగా నిలిచిన ప్రక్రియల్లో ఇదొకటి. రాజాస్థాన ప్రశస్తికీ కార్యాలయ సేవాపుస్తకానికీ నడుమ ఇది సంధి కుదిర్చింది. సేవాపుస్తకం చెప్పని మాటను, అంటే ఈ మనిషి ఉన్నందువల్ల పదిమందికి మేలు జరిగిందన్న మాటను, సన్మానపత్రం చెబుతుంది.

సన్మానానికి ఎంచుకొనే వయస్సుల్లో సంప్రదాయం, ప్రభుత్వ పట్టిక ఒకచోట కలుస్తాయి. షష్టిపూర్తి అరవయ్యేట, సహస్ర చంద్రదర్శనం ఎనభై దాటిన తొలిరోజుల్లో తెలుగు గృహాలు జరుపుకొనే శాంతికర్మలు. ఆరవ వేతన సంఘం సిఫారసుల మేరకు కేంద్ర పింఛనుదారులకు 80 ఏళ్లకు 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం అదనపు పింఛను వచ్చింది. ఆయుర్దాయానికి శ్రుతిస్మృతులు పెట్టిన మెట్ల పక్కనే ప్రభుత్వం తన మెట్లు పెట్టింది. సంఘం రెండింటినీ ఒకే శాలువతో గౌరవించింది.

స్త్రీల స్థానం ఈ చరిత్రలో ఆలస్యంగా, బాధాకరంగా కనిపిస్తుంది. ఉద్యోగవర్గం చిరకాలం పురుషప్రధానం గనుక సంఘమూ పురుషుల కూటమే. 1964లో కుటుంబ పింఛను పథకం అమలుకు వచ్చిన తరువాత సభ్యుని మరణంతో అతని భార్య ఖజానా గడప తొక్కవలసి వచ్చింది. ఏ కాగితం ఎక్కడ ఉన్నదో, సేవాపుస్తకంలో తన పేరు ఏ అక్షరాలతో ఉన్నదో చాలామందికి తెలియదు. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా దస్త్రం కదలదు. మరణవార్త తెలిసిన రోజున దండతో వెళ్లే సంఘ ప్రతినిధి, పన్నెండో రోజు గడిచాక దరఖాస్తు పత్రంతో మళ్లీ వెళ్లడం ఈ సంస్థ చేసిన అత్యంత విలువైన పని. పరామర్శ, పత్రరచన ఇక్కడ ఒక్కటయ్యాయి. ఉపాధ్యాయినులు, నర్సులు, గుమాస్తాలుగా స్త్రీలు స్వయంగా విరమించడం పెరిగిన తరువాత వారు తమ హక్కుతోనే సభ్యులయ్యారు. అయినా ఉదయం పదింటి కుర్చీ మాత్రం చాలాకాలం పురుషునిదే. విరమణ స్త్రీని ఇంటిపని నుంచి విముక్తం చేయకపోవడమే దీనికి కారణం.

8. వరస చెదిరిన కాలం

పింఛను బ్యాంకు ఖాతాలో జమకావడంతో ఖజానా వరస క్రమంగా అంతరించింది. అవస్థ తప్పింది, దానితోపాటు నెలవారీ కలయిక కూడా తప్పింది. మిగిలినది ఏటా ఒకసారి తాను బతికి ఉన్నట్లు స్వయంగా కనిపించి ధ్రువీకరించే ఆచారం. 2014 నవంబరు 10న కేంద్రం ప్రారంభించిన 'జీవన్ ప్రమాణ్' వేలిముద్రతో ఆ పనినీ ఇంటినుంచే సాధ్యం చేసింది. వేలిరేఖలు అరిగిపోయిన వృద్ధులకు సాయపడే పని సంఘానికి కొత్తగా చేరింది గాని, సంఘానికి ప్రాణమైన 'అందరూ రావలసిన రోజు' మాత్రం లేకుండా పోయింది.

దీనికంటె లోతైన మార్పు మరొకటి. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి నియమితులైన వారికి పాత పింఛను స్థానంలో భాగస్వామ్య పింఛను విధానం వచ్చింది. ఉద్యోగి వేతనంలో కొంత, ప్రభుత్వ వాటా కొంత కలిపి మదుపు చేసి, విరమణ నాటికి పోగైన నిధి నుంచి భృతి ఏర్పాటు చేయడం దీని తీరు. పాత పింఛనులో ఒకే హోదాతో విరమించిన వారందరిదీ ఒకే లెక్క. కొత్త విధానంలో ఎవరి ఖాతా వారిది. ఉమ్మడి లెక్క లేనిచోట ఉమ్మడి అర్జీకి పునాది సన్నగిల్లుతుంది. 2004 ఆగస్టు నాటికి చేరిన వారిలో అతి పిన్నవయస్కులు 2040ల చివరికి విరమిస్తారు. ఆ తరువాత పాత అర్థంలో కొత్త పింఛనుదారు ఉండడు.

అదే సమయంలో 'పింఛను' పదం మరో దిశగా విస్తరించింది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ వృద్ధాప్య పింఛను పథకం నెలకు 75 రూపాయలతో నిరుపేద వృద్ధులను ఈ పదం కిందికి తెచ్చింది. రాష్ట్రాల పథకాలు దాన్ని పెంచుకుంటూ పోయాయి. నేడు పల్లెలో 'పింఛను' అంటే మొదట స్ఫురించేది ఇదే. పుచ్చుకొనేవారికి ప్రభుత్వ పరిభాషలో 'లబ్ధిదారు' అని పేరు. ఉద్యోగి నూరేళ్లకు పైగా శ్రమించి వదిలించుకొన్న అనుగ్రహభావం ఈ పేరులో తిరిగి తొంగిచూస్తున్నది. జీవితాంతం కూలి చేసిన వానికి సంఘం లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. తనకు అందేది హక్కు అని చెప్పిన తీర్పు తేదీ ఏదీ అతని పంచాంగంలో లేదు.

9. ముగింపు

పింఛనుదారుల సంఘం చరిత్ర మూడు దశలుగా కనిపిస్తుంది. ఖజానా వరసలో పరిచయం, అర్జీలో ఐక్యత, తీర్పులో ఆత్మగౌరవం. ఈ మూడింటి మీద ఆత్మీయత నిలబడింది. ప్రోబస్ క్లబ్బులో ఆత్మీయతే ఆరంభం, అంతం కూడా. తెలుగు పట్టణాలు ఇప్పుడు ఆ రెండవ తీరుకు చేరువవుతున్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్లు నిండిన ప్రతి పౌరునీ వయోవృద్ధునిగా గుర్తించింది. నడక బృందాలు, వయోవృద్ధుల సంఘాలు, అపార్టుమెంటు కూటములు చేసిన ఉద్యోగాన్ని అడగవు, వయసునే అడుగుతాయి. సభ్యత్వం విశాలమైంది. స్త్రీలకూ, ప్రభుత్వేతర వృత్తులవారికీ చోటు దొరికింది. ఇది నిస్సందేహంగా లాభమే.

నష్టపోయే అవకాశమున్నది మరొకటి. దండతో వెళ్లి దరఖాస్తుతో తిరిగివెళ్లే ఆ మనిషి, ఏ నియమం కింద ఏమి రావాలో కంఠస్థంగా తెలిసిన ఆ విశ్రాంత గుమాస్తా, నడక బృందంలో దొరకకపోవచ్చు. అతని జ్ఞానం పుస్తకాల్లో లేదు. పాత సంఘాల తీర్మాన పుస్తకాల్లో, అర్జీల నకళ్లలో, సన్మానపత్రాల్లో ఉంది. సాధారణ తెలుగు ఉద్యోగి తన వృద్ధాప్యాన్ని గురించి తానే రాసుకొన్న అరుదైన లిఖిత సామగ్రి అది. సంఘ భవనాలు మూతపడక ముందే దాన్ని సేకరించి భద్రపరచడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.